సొంత క్లాస్ మీద లూప్ సరిగ్గా తిప్పడం ఎలా: ఇటరేటర్ రాయడం నుంచి తప్పులు పట్టుకోవడం దాకా

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ వైపు ఇంజినీరింగ్, డిగ్రీ, ఎంసీఏ చదువుతున్నవాళ్లు మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్నలు మూడున్నాయి. "అన్నా, లిస్ట్ మీద ఫర్ లూప్ తిరుగుతుంది, నేను రాసిన క్లాస్ మీద ఎందుకు తిరగట్లేదు?" "లూప్ మధ్యలో ఒక ఐటమ్ తీసేస్తే ప్రోగ్రామ్ ఎందుకు ఆగిపోతోంది?" "మొదటిసారి అన్నీ వచ్చాయి, రెండోసారి తిప్పితే ఖాళీగా వస్తోందేంటి?"

మూడింటికీ మూలం ఒక్కటే. లూప్ ఎంతవరకు వచ్చిందన్న లెక్క ఎవరి దగ్గర ఉండాలో తేల్చుకోకుండా కోడ్ మొదలుపెడుతున్నారు. ఆ లెక్కను కలెక్షన్‌లో దాచకుండా విడిగా ఒక ఆబ్జెక్ట్‌కు (దీన్నే ఇటరేటర్ అంటారు) అప్పజెప్పడం నేర్చుకుంటే మిగతా పనంతా తేలికవుతుంది. ఆ పని వరసగా ఎలా చేయాలో ఇక్కడ రాస్తున్నాను.

జావా, పైథాన్, సీ షార్ప్ మూడింటికీ పనికొచ్చేలా మెట్లను మామూలు మాటల్లో ఇచ్చాను. భాషను బట్టి తేడా ఉన్న చోట ఆ భాష పేరు చెప్పాను. పక్కన ఎడిటర్ తెరిచి పెట్టుకుని, ఒక్కో మెట్టు చదివి మీ భాషలో టైప్ చేస్తూ వెళ్లండి.

## 1. కీబోర్డు ముట్టుకునే ముందు

ఈ ప్రశ్నలకు కాగితం మీద జవాబులు రాసుకోండి. ఒక్కో జవాబు కింది సెక్షన్లలో ఏదో ఒక నిర్ణయాన్ని తేలుస్తుంది.

- కలెక్షన్ ఏ రకం? అర్రే లిస్టా, లింక్డ్ లిస్టా, సెట్టా, మ్యాపా?
- ఐటమ్స్ ఒక వరసలో రావాలా, ఎలా వచ్చినా ఫర్వాలేదా?
- చదవడమేనా? ఐటమ్ లోపలి విలువ మార్చాలా? ఐటమ్‌నే తీసేయాలా?
- చివరిదాకా తిరగాలా, కావలసింది దొరకగానే ఆగాలా?
- అదే కలెక్షన్ మీద ఒకేసారి రెండు లూప్‌లు తిరిగే అవసరం ఉందా?

మూడో ప్రశ్నను చాలామంది దాటేస్తారు. ల్యాబ్‌లో కనిపించే ఎర్రర్లలో పెద్ద భాగం అక్కడి నుంచే వస్తుంది. చదవడం, మార్చడం, తీసేయడం అనేవి మూడు వేర్వేరు పనులు, మూడింటికీ లూప్ ఒకేలా ఉండదు.

## 2. ఉదాహరణ క్లాసులు తయారు చేసుకోవడం

వరంగల్ ఏనుమాముల మార్కెట్ యార్డుకు మిర్చి వచ్చిన రోజును తీసుకుందాం. ఒక రైతు తెచ్చిన సరుకు ఒక లాట్. లాట్‌లో బస్తాలుంటాయి. అడ్తి (కమీషన్ ఏజెంటు) దుకాణంలో లాట్లన్నీ పద్దులో ఎక్కుతాయి. కాంటా (తూకం) అయ్యాక రైతు చేతికి తక్‌పట్టీ, అంటే బరువు, ధర, రావలసిన డబ్బు రాసిన చీటీ, రావాలి. కోడ్‌లో మూడు క్లాసులు చాలు.

- బస్తా: కిలోల్లో బరువు.
- లాట్: రైతు పేరు, మిర్చి రకం (తేజ, చపాటా, తాలు), క్వింటా ధర, బస్తాల లిస్ట్.
- పద్దు: ఆ రోజు వచ్చిన లాట్ల లిస్ట్.

పద్దు లోపలి లిస్ట్‌ను ప్రైవేట్‌గా పెట్టండి. దాన్ని యథాతథంగా బయటికిచ్చే గెట్ మెథడ్ మాత్రం రాయకండి. రాస్తే బయటి కోడ్ ఎవరిదైనా ఒక్క క్లియర్ పిలుపుతో ఆ రోజు పద్దంతా తుడిచేయగలదు. బయటివాళ్లకు కావలసింది లాట్లను ఒక్కొక్కటిగా చూసే వీలు, అంతే. ఇటరేటర్ ఆ వీలునిస్తుంది.

## 3. ఏ లూప్ ఎప్పుడు

ముందుగా ఫర్ ఈచ్ లూప్‌తో పని అవుతుందేమో చూడండి. ఇండెక్స్ ఉండదు కాబట్టి ఇండెక్స్ తప్పూ ఉండదు. సున్నా నుంచి మొదలా, ఒకటి నుంచా, సైజ్ కంటే తక్కువా, సమానమా అన్న టెన్షన్ అక్కర్లేదు.

ఇండెక్స్ లూప్ నిజంగా కావలసిన చోట్లు తక్కువ: అర్రే లిస్ట్‌లో ఫలానా స్థానంలో కొత్త విలువ పెట్టాలి, పక్కపక్క ఐటమ్స్ పోల్చాలి, వెనక నుంచి ముందుకు రావాలి. వరస సంఖ్య ప్రింట్ చేయడానికే ఇండెక్స్ పట్టుకోనక్కర్లేదు. పైథాన్‌లో ఎన్యూమరేట్‌కు స్టార్ట్ విలువ ఒకటి ఇస్తే సరిపోతుంది. మిగతా భాషల్లో లూప్ బయట ఒక లెక్క వేరియబుల్ చాలు.

లింక్డ్ లిస్ట్ మీద ఇండెక్స్ లూప్ మాత్రం వద్దు. జావా లింక్డ్ లిస్ట్‌లో ఐదువేలవ ఐటమ్ అడిగితే అది ఏ చివర దగ్గరైతే ఆ చివర నుంచి ఒక్కో లింక్ దాటుకుంటూ వస్తుంది. 10,000 లాట్లున్న పద్దు మీద ఇండెక్స్‌తో తిరిగితే సగటున ఒక్కో ఐటమ్‌కు 2,500 లింకులు, మొత్తం దాదాపు 2.5 కోట్ల లింకులు దాటాలి. ఇటరేటర్‌తో తిరిగితే 10,000 చాలు. ఫలితం ఒకటే వస్తుంది కాబట్టి చిన్న డేటాతో పరీక్షించినప్పుడు ఈ తేడా కంటికి కనిపించదు.

ఇటరేటర్‌ను చేతిలో పట్టుకుని వైల్ లూప్ తిప్పడం రెండు సందర్భాల్లోనే అవసరం: తిరుగుతూ తిరుగుతూ తీసేయాలి, లేదా రెండు కలెక్షన్లను పక్కపక్కన నడిపించాలి.

## 4. సొంత ఇటరేటర్ రాయడం

ఇక్కడ రెండు పాత్రలను వేరుగా చూడాలి. దుకాణంలో పద్దు పుస్తకం ఒక్కటే ఉంటుంది. గుమాస్తా ఒక వరస మీద వేలు పెట్టి చదువుతుంటే, ఖరీదుదారు మనిషి ఇంకో వరస మీద వేలు పెట్టుకోవచ్చు. పుస్తకం కలెక్షన్, వేలు ఇటరేటర్. ఎవరి వేలు వాళ్లది. వేలు ఎక్కడుందో పుస్తకానికి తెలియనవసరం లేదు.

అందుకే "ఇప్పుడు ఎన్నో లాట్ దగ్గరున్నాం" అన్న వేరియబుల్‌ను పద్దు క్లాస్‌లో పెట్టకూడదు. పెడితే ఒక లూప్ పూర్తయ్యాక ఆ వేరియబుల్ చివర్లోనే ఆగిపోతుంది, రెండో లూప్‌కు ఏమీ దొరకదు. "రెండోసారి తిప్పితే ఖాళీగా వస్తోందేంటి?" అన్న ప్రశ్నకు చాలాసార్లు జవాబు ఇదే.

### 4.1 జావాలో మెట్ల వరస

1. పద్దు క్లాస్ ఇటరబుల్ ఇంటర్‌ఫేస్‌ను అమలు చేస్తుందని ప్రకటించండి. టైప్ పారామీటర్‌గా లాట్ ఇవ్వండి.
2. పద్దులో ఇటరేటర్ అనే మెథడ్ రాయండి. పిలిచిన ప్రతిసారీ అది కొత్త పద్దు ఇటరేటర్ ఆబ్జెక్ట్ తయారు చేసి ఇవ్వాలి. పాతదాన్ని ఫీల్డ్‌లో దాచుకుని మళ్లీ ఇవ్వకూడదు.
3. పద్దు ఇటరేటర్ అనే చిన్న క్లాస్‌ను పద్దు లోపలే ప్రైవేట్‌గా రాయండి. అందులో ఒక్క ఫీల్డ్: స్థానం, మొదటి విలువ సున్నా.
4. హ్యాజ్‌నెక్స్ట్ మెథడ్: స్థానం లిస్ట్ సైజ్ కంటే తక్కువా అని చూసి అవును, కాదు చెప్పాలి. ఏ ఫీల్డ్‌నూ మార్చకూడదు.
5. నెక్స్ట్ మెథడ్: ముందు ఇంకా మిగిలి ఉందా చూడాలి. లేకపోతే నో సచ్ ఎలిమెంట్ ఎక్సెప్షన్ వేయాలి. ఉంటే ఆ స్థానంలోని లాట్‌ను తీసుకుని, స్థానాన్ని ఒకటి పెంచి, లాట్‌ను తిరిగి ఇవ్వాలి.
6. రిమూవ్ మెథడ్ అవసరం లేకపోతే రాయకండి. జావా 8 నుంచి రాయకపోయినా కంపైల్ అవుతుంది. ఎవరైనా పిలిస్తే అన్‌సపోర్టెడ్ ఆపరేషన్ ఎక్సెప్షన్ వస్తుంది.

ఇవి పూర్తయితే పద్దు మీద ఫర్ ఈచ్ లూప్ తిరుగుతుంది. కంపైలర్ చేసే పని చాలా సాదా: ఇటరేటర్ మెథడ్‌ను ఒక్కసారి పిలుస్తుంది, హ్యాజ్‌నెక్స్ట్ అవునన్నంతసేపు నెక్స్ట్‌ను పిలిచి మీ వేరియబుల్‌లో పెడుతుంది. ఇటరబుల్ అని ప్రకటించని క్లాస్ మీద లూప్ ఎందుకు తిరగదో దీన్నిబట్టి అర్థమవుతుంది. పిలవడానికి అక్కడ ఇటరేటర్ ఉందన్న హామీ లేదు.

"లోపల ఉన్నది ఎలాగూ అర్రే లిస్టే కదా, దాని ఇటరేటర్‌నే ఇచ్చేస్తే పోలా?" అని అడుగుతారు. ఇవ్వొచ్చు, రాయాల్సిన కోడ్ ఒక్క లైనే అవుతుంది. కాకపోతే ఆ ఇటరేటర్‌తో పాటు రిమూవ్ కూడా బయటి చేతికి పోతుంది. పద్దులోంచి లాట్లు ఎవరూ తీయకూడదనుకుంటే లిస్ట్‌ను అన్‌మాడిఫయబుల్ లిస్ట్‌గా చుట్టి, దాని ఇటరేటర్ ఇవ్వండి.

### 4.2 పైథాన్‌లో మారేవి

ఇక్కడ హ్యాజ్‌నెక్స్ట్ లేదు. ఐటమ్స్ అయిపోయాయని చెప్పడానికి డండర్ నెక్స్ట్ మెథడ్ (డండర్ అంటే పేరుకు ముందూ వెనకా రెండేసి అండర్‌స్కోర్లు) స్టాప్ ఇటరేషన్ అనే ఎక్సెప్షన్ వేస్తుంది, ఫర్ లూప్ దాన్ని పట్టుకుని నిశ్శబ్దంగా ఆగుతుంది.

- పద్దు క్లాస్‌లో డండర్ ఇటర్ మాత్రమే ఉండాలి. ప్రతిసారీ కొత్త ఇటరేటర్ ఇవ్వాలి.
- పద్దు ఇటరేటర్ క్లాస్‌లో డండర్ ఇటర్, డండర్ నెక్స్ట్ రెండూ ఉండాలి. ఇక్కడి డండర్ ఇటర్ సెల్ఫ్‌ను తిరిగి ఇవ్వాలి.
- ఒకసారి స్టాప్ ఇటరేషన్ వేశాక, మళ్లీ ఎన్నిసార్లు అడిగినా అదే వేయాలి.

రెండు క్లాసులనూ కలిపేసి పద్దులోనే డండర్ నెక్స్ట్ కూడా రాసేయడం ఎక్కువగా కనిపించే పొరపాటు. ఒక్క లూప్‌కు బాగానే నడుస్తుంది కాబట్టి తప్పని తెలియదు. లూప్‌లో లూప్ పెట్టగానే బయటపడుతుంది: లోపలి లూప్ పద్దంతా తినేస్తుంది, బయటి లూప్ ఒక్క చుట్టుతో ఆగిపోతుంది. లేదా లోపలి లూప్ ప్రతిసారీ స్థానాన్ని సున్నా చేస్తూ ఉంటే మరో రకంగా తప్పుతుంది.

### 4.3 సీ షార్ప్‌లో మారేవి

ఇక్కడ గెట్ ఎన్యూమరేటర్ (ఇటరేటర్‌ను ఇచ్చేది), మూవ్‌నెక్స్ట్, కరెంట్ (ఇప్పుడున్న ఐటమ్) ఉంటాయి. మూవ్‌నెక్స్ట్ ముందుకు జరుగుతుంది, జరగగలిగిందో లేదో కూడా చెబుతుంది. జావా హ్యాజ్‌నెక్స్ట్ చెప్పడమే తప్ప జరగదు.

కాబట్టి మొదటి స్థానం సున్నా కాదు, మైనస్ ఒకటి. జావా అలవాటుతో సున్నా పెడితే మొదటి మూవ్‌నెక్స్ట్‌కే స్థానం ఒకటి అవుతుంది, పద్దులో మొదటి రైతు లాట్ ఎప్పటికీ కనిపించదు. ఫలితంలో "మొదటిది ఒక్కటే రావట్లేదు" అంటే ముందు ఇక్కడ చూడండి.

## 5. కొన్నింటినే ఇచ్చే ఇటరేటర్

పద్దులో తేజ లాట్లను మాత్రమే ఇచ్చే ఇటరేటర్ కావాలనుకుందాం. వినడానికి చిన్న మార్పే అనిపిస్తుంది, రాస్తే చిక్కంతా ఇందులోనే ఉంది. ఇంటర్వ్యూల్లో అడగడానికి మంచి ప్రశ్న కూడా.

చిక్కు ఏమిటంటే, ఇంకో తేజ లాట్ ఉందో లేదో చెప్పాలంటే హ్యాజ్‌నెక్స్ట్ ముందుకు వెతకాల్సిందే. వెతికితే లోపలి ఇటరేటర్ జరిగిపోతుంది. మరి హ్యాజ్‌నెక్స్ట్ ఏమీ మార్చకూడదని పైన చెప్పుకున్నాం. వెతికి దొరికినదాన్ని దాచిపెట్టుకోవడమే దారి.

1. మూడు ఫీల్డ్‌లు పెట్టండి: లోపలి ఇటరేటర్, దాచిన లాట్, "దాచింది ఉందా" అనే అవును, కాదు విలువ. మూడోదాని మొదటి విలువ కాదు.
2. హ్యాజ్‌నెక్స్ట్: "దాచింది ఉందా" అవును అయితే వెంటనే అవునని చెప్పి వెనక్కి వెళ్లాలి. ఈ లైన్ ముందు ఉండటం ముఖ్యం.
3. లేకపోతే లోపలి ఇటరేటర్‌ను ఒక్కో లాట్ ముందుకు నడపండి. తేజ దొరికితే దాచి, "దాచింది ఉందా"ను అవును చేసి, అవునని చెప్పండి.
4. చివరిదాకా వెళ్లినా దొరక్కపోతే కాదని చెప్పండి.
5. నెక్స్ట్: ముందు హ్యాజ్‌నెక్స్ట్‌ను పిలవండి. కాదంటే ఎక్సెప్షన్. అవునంటే "దాచింది ఉందా"ను కాదుగా మార్చి, దాచిన లాట్‌ను ఇవ్వండి.

రెండో మెట్టు మరిచిపోతే ఏమవుతుందో చేత్తో నడిపి చూద్దాం. పద్దులో వరసగా నాలుగు లాట్లు: తేజ, తాలు, తేజ, చపాటా. హ్యాజ్‌నెక్స్ట్‌ను ఒకసారి పిలిచాం, మొదటి తేజ దాచుకుంది. నెక్స్ట్ పిలవకుండా మళ్లీ హ్యాజ్‌నెక్స్ట్ పిలిచాం. అది మళ్లీ వెతకడం మొదలుపెట్టి తాలు దాటి రెండో తేజను దాచుకుంది, మొదటిది పోయింది. దాచినదాన్నే నేరుగా ఇచ్చే నెక్స్ట్ అయితే ఇప్పుడు రెండో తేజ లాట్ ఇస్తుంది. నెక్స్ట్ లోపల హ్యాజ్‌నెక్స్ట్‌ను పిలిచే కోడ్‌లో ఇది మొదటి చుట్టులోనే జరుగుతుంది.

"దాచింది ఉందా" అని విడిగా ఎందుకు, దాచిన లాట్ నల్ అయితే లేదనుకోవచ్చు కదా అంటే, కలెక్షన్‌లోనే నల్ ఉండే అవకాశం ఉన్నచోట ఆ కిటుకు పనిచేయదు. విడిగా పెట్టుకోవడమే మేలు.

## 6. యీల్డ్ ఉన్న భాషల్లో దగ్గరి దారి

పైథాన్‌లో డండర్ ఇటర్ లోపల మామూలు ఫర్ లూప్ రాసి, ఒక్కో లాట్‌ను యీల్డ్ చేయండి (అంటే ఒక ఐటమ్ ఇచ్చి అక్కడే ఆగి, మళ్లీ అడిగినప్పుడు ఆ చోటి నుంచే సాగడం). ఇటరేటర్ క్లాస్ విడిగా రాయనక్కర్లేదు, పిలిచిన ప్రతిసారీ కొత్త జనరేటర్ వస్తుంది. ఐదో సెక్షన్‌లోని చిక్కంతా ఒక ఇఫ్ షరతుగా మారిపోతుంది. సీ షార్ప్‌లో యీల్డ్ రిటర్న్ కూడా ఇంతే. జావాలో స్విచ్‌లో కనిపించే యీల్డ్‌కు దీనితో సంబంధం లేదు.

ఒక్క జాగ్రత్త. జనరేటర్‌ను పిలిచినప్పుడు దాని లోపలి కోడ్ నడవదు, మొదటి ఐటమ్ అడిగినప్పుడు నడుస్తుంది. ఫైల్‌ను పైథాన్ విత్ బ్లాక్‌లో (బ్లాక్ అయిపోగానే ఫైల్‌ను మూసేసేది) తెరిచి, ఆ బ్లాక్ లోపల జనరేటర్ తయారు చేసి బయటికి రిటర్న్ చేశారనుకోండి. లూప్ మొదలయ్యేసరికి ఫైల్ మూసుకుపోయి ఉంటుంది, ఎర్రర్ వస్తుంది. ఫైల్ తెరవడాన్ని జనరేటర్ లోపలికే తీసుకెళ్లండి.

జనరేటర్ ఒక్కసారికే. మొత్తం బరువు కోసం ఒకసారి, ప్రింట్ కోసం ఒకసారి తిప్పాలంటే రెండుసార్లు తయారు చేయించుకోవాలి, లేదా ముందే లిస్ట్‌లో పోసుకోవాలి.

## 7. తిరుగుతూ తీసేయడం

30 కిలోల కంటే తక్కువున్న బస్తాలను లిస్ట్ నుంచి తీసేయాలి. బరువులు వరసగా: 41, 28, 29, 43, 40. పైథాన్‌లో ఫర్ లూప్ తిప్పుతూ అదే లిస్ట్ మీద రిమూవ్ పిలిచామనుకుందాం.

- స్థానం 0: 41, ఉంచాం.
- స్థానం 1: 28, తీసేశాం. లిస్ట్ ఇప్పుడు 41, 29, 43, 40. అంటే 29 జరిగి స్థానం 1లోకి వచ్చింది.
- స్థానం 2: 43, ఉంచాం.
- స్థానం 3: 40, ఉంచాం. అయిపోయింది.

29 కిలోల బస్తాను లూప్ చూడనే లేదు. ఎర్రర్ కూడా రాలేదు. తక్కువ బరువు బస్తాలు పక్కపక్కన లేని డేటాతో పరీక్షిస్తే ఈ తప్పు అసలు దొరకదు.

జావా ఇలాంటి చోట కాన్కరెంట్ మాడిఫికేషన్ ఎక్సెప్షన్ వేస్తుంది. పేరు చూసి థ్రెడ్ల సమస్య అనుకుంటారు, ఒక్క థ్రెడ్‌తోనూ వస్తుంది. లిస్ట్ ఎన్నిసార్లు మారిందో అర్రే లిస్ట్ లోపల ఒక లెక్క ఉంటుంది. ఇటరేటర్ పుట్టినప్పటి లెక్కకూ ఇప్పటి లెక్కకూ తేడా కనిపిస్తే నెక్స్ట్ ఆగిపోతుంది.

దాన్ని కాపలాగా నమ్ముకోవద్దు. బరువులు 41, 43, 40, 28, 29 అనుకోండి. ఫర్ ఈచ్ లూప్ 28 దగ్గరికి వచ్చేసరికి ఇటరేటర్ స్థానం 4. అప్పుడు లిస్ట్ నుంచి 28 తీసేస్తే సైజ్ కూడా 4 అవుతుంది. అర్రే లిస్ట్ హ్యాజ్‌నెక్స్ట్ స్థానాన్నీ సైజ్‌నూ పోల్చి, రెండూ సమానం కాబట్టి అయిపోయిందంటుంది. నెక్స్ట్ పిలవనే లేదు, ఎక్సెప్షన్ రాలేదు, 29 మిగిలిపోయింది. చివరి నుంచి రెండోదాన్ని తీసినప్పుడు ఇలా జరుగుతుంది. "నా సిస్టమ్‌లో బాగానే నడిచింది" అనేవాళ్ల డేటా చాలాసార్లు ఇలాగే ఉంటుంది.

సరైన పద్ధతులు, నేను వాడే వరసలో:

1. ఉంచాల్సిన వాటితో కొత్త లిస్ట్ తయారు చేయండి. పైథాన్‌లో లిస్ట్ కాంప్రెహెన్షన్ సరిగ్గా దీనికే. పాత లిస్ట్‌ను మరొకరు కూడా పట్టుకుని ఉంటే వాళ్లకు మార్పు కనబడదని గుర్తుంచుకోండి.
2. జావాలో రిమూవ్‌ఇఫ్, సీ షార్ప్ లిస్ట్ మీద రిమూవ్ ఆల్. షరతు ఇస్తే చాలు, లూప్ మీరు రాయక్కర్లేదు.
3. తీసేముందు ఇంకేదైనా పని చేయాలంటే జావాలో ఇటరేటర్‌ను చేతిలో పట్టుకుని, దాని సొంత రిమూవ్‌ను పిలవండి. ప్రతి రిమూవ్‌కు ముందు ఒక నెక్స్ట్ ఉండాలి, వరసగా రెండు రిమూవ్‌లు పిలిస్తే ఇల్లీగల్ స్టేట్ ఎక్సెప్షన్ వస్తుంది.
4. ఇండెక్స్ తప్పనిసరి అయితే చివరి నుంచి మొదటికి రండి. తీసేసిన తర్వాత జరిగేవన్నీ మీరు అప్పటికే చూసినవే.

ఐటమ్ లోపలి విలువ మార్చడానికి ఇదంతా అక్కర్లేదు. లూప్‌లో లాట్ ధరను మార్చితే లిస్ట్ నిర్మాణం మారదు. కానీ జావా, పైథాన్‌లలో లూప్ వేరియబుల్‌కే కొత్త లాట్‌ను అంటగడితే లిస్ట్‌లో ఏమీ మారదు, ఆ వేరియబుల్ పేరు మాత్రమే ఇంకో ఆబ్జెక్ట్ వైపు తిరుగుతుంది.

## 8. మ్యాప్‌లు, సెట్లు

జావా హ్యాష్ మ్యాప్, హ్యాష్ సెట్ వరసకు హామీ ఇవ్వవు. పెట్టిన వరస కావాలంటే లింక్డ్ హ్యాష్ మ్యాప్, కీ వరస కావాలంటే ట్రీ మ్యాప్. పైథాన్ డిక్షనరీ 3.7 నుంచి పెట్టిన వరసే పాటిస్తుంది, సెట్ పాటించదు.

కీ, విలువ రెండూ కావాలంటే జావాలో ఎంట్రీ సెట్ మీద, పైథాన్‌లో ఐటమ్స్ మీద తిరగండి. కీల మీద తిరుగుతూ ప్రతిసారీ విలువ అడగడం అనవసరపు వెతుకులాట. పైథాన్ డిక్షనరీలోంచి తీసేయాలంటే కీలను ముందు లిస్ట్‌లోకి కాపీ చేసుకుని ఆ కాపీ మీద తిరగండి. లేకపోతే తిరుగుతుండగా సైజ్ మారిందని రన్‌టైమ్ ఎర్రర్ వస్తుంది.

## 9. లూప్‌లో లూప్: తక్‌పట్టీ తయారు చేయడం

బయటి లూప్ లాట్ల మీద, లోపలి లూప్ ఆ లాట్ బస్తాల మీద. రాయడం సులువు, తప్పితే మాత్రం ఒకరి డబ్బు ఇంకొకరి పేరున పడుతుంది. అందుకే మూడు తప్పులు విడిగా చెబుతున్నాను.

మొదటిది, ఒకే చుట్టులో నెక్స్ట్ రెండుసార్లు. రైతు పేరు కోసం ఒక నెక్స్ట్, ధర కోసం ఇంకో నెక్స్ట్ రాస్తే, పేరు మొదటి లాట్‌ది, ధర రెండో లాట్‌ది వస్తుంది. లాట్ల సంఖ్య బేసి అయితే చివర్లో ఎక్సెప్షన్ వస్తుంది, సరి అయితే ఏమీ రాదు, తప్పు కాగితం నిమ్మళంగా ప్రింట్ అవుతుంది. చుట్టు మొదట్లో ఒక్కసారి నెక్స్ట్ పిలిచి వేరియబుల్‌లో పెట్టుకోండి, ఆ తర్వాత అంతా ఆ వేరియబుల్‌తోనే.

రెండోది, మొత్తం బరువును ఎక్కడ సున్నా చేయాలన్నది. మొదటి లాట్ బస్తాలు 41, 39, 40, మొత్తం 120. రెండో లాట్ 38, 42, మొత్తం 80. మొత్తం వేరియబుల్‌ను బయటి లూప్‌కు పైన పెడితే రెండో రైతుకు 200 పడుతుంది. బయటి లూప్ లోపల, లోపలి లూప్‌కు ముందు సున్నా చేయాలి.

మూడోది లూప్ తప్పు కాదు కానీ ఇక్కడే దొరుకుతుంది. ధర క్వింటాకు, బరువు కిలోల్లో. జావాలో 120ని ఇంటీజర్ 100తో భాగిస్తే 1 వస్తుంది, 1.2 కాదు. లెక్క కోసం క్వింటా 18,000 అనుకుంటే రైతుకు రావలసింది 21,600, కోడ్ ఇచ్చేది 18,000. ముందు గుణించి తర్వాత భాగించండి. పైసల దాకా సరిపోవాలంటే జావాలో బిగ్ డెసిమల్ వాడండి.

కావలసింది దొరకగానే ఆగాలని బ్రేక్ రాస్తే అది లోపలి లూప్‌నే ఆపుతుంది, బయటిది తిరుగుతూనే ఉంటుంది. వెతికే భాగాన్ని విడిగా ఒక మెథడ్‌గా తీసి, దొరికినచోట రిటర్న్ చేయడం చదవడానికీ బాగుంటుంది, పరీక్షించడానికీ బాగుంటుంది.

## 10. లక్షణం చూసి కారణం పట్టుకోవడం

- రెండో లూప్ ఖాళీగా వస్తోంది: పాత ఇటరేటర్‌నే మళ్లీ ఇస్తున్నారు, లేదా జనరేటర్‌ను రెండోసారి తిప్పుతున్నారు. కలెక్షన్ ప్రతిసారీ కొత్త ఇటరేటర్ ఇవ్వాలి.
- ఒకటి విడిచి ఒకటి వస్తోంది: చుట్టులో నెక్స్ట్ రెండుసార్లు, లేదా హ్యాజ్‌నెక్స్ట్ లోపలే స్థానం పెరుగుతోంది.
- మొదటిది రావట్లేదు: మూవ్‌నెక్స్ట్ ఉన్న చోట మొదటి స్థానం సున్నా.
- చివరిది రావట్లేదు: పోలికలో సైజ్ మైనస్ ఒకటి కంటే తక్కువ అని రాశారు, లేదా తిరుగుతూ తీసేశారు.
- లూప్ ఆగట్లేదు: నెక్స్ట్‌లో స్థానం పెంచడం మరిచారు, లేదా తిరుగుతున్న లిస్ట్‌కే చివర్లో ఐటమ్స్ కలుపుతున్నారు.
- లిస్ట్ నిండా ఒకే లాట్ కనిపిస్తోంది: లిస్ట్ నింపేటప్పుడు కొత్త ఆబ్జెక్ట్‌ను లూప్ బయట ఒక్కసారే తయారు చేసి, దాన్నే మార్చి మార్చి కలిపారు. తయారీని లూప్ లోపలికి తేండి.

## 11. సబ్మిట్ చేసే ముందు నడపాల్సిన పరీక్షలు

పెద్ద డేటా అక్కర్లేదు. చిన్నవే తప్పులను బాగా బయటపెడతాయి.

- ఖాళీ పద్దు: లూప్ ఒక్కసారీ తిరగకూడదు, ఎర్రర్ రాకూడదు.
- ఒక్క లాట్ ఉన్న పద్దు.
- హ్యాజ్‌నెక్స్ట్‌ను వరసగా ఐదుసార్లు పిలిచి, ఆ తర్వాత నెక్స్ట్: మొదటి లాటే రావాలి.
- హ్యాజ్‌నెక్స్ట్ అసలు పిలవకుండా నెక్స్ట్ మాత్రమే పిలుస్తూ చివరిదాకా: అన్నీ రావాలి, ఆపై సరైన ఎక్సెప్షన్ రావాలి.
- అదే పద్దు మీద లూప్‌లో లూప్: మూడు లాట్లుంటే తొమ్మిది జతలు రావాలి.
- లూప్ మధ్యలో బ్రేక్ చేసి మళ్లీ కొత్త లూప్: మొదటి నుంచి రావాలి.
- తేజ ఇటరేటర్‌కు నాలుగు రకాల పద్దులు: అన్నీ తేజ, ఒక్కటీ తేజ కాదు, మొదటిది మాత్రమే తేజ, చివరిది మాత్రమే తేజ.
- తీసేసే కోడ్‌కు: తీయాల్సినవి పక్కపక్కన రెండు, చివరిది ఒక్కటి, చివరి నుంచి రెండోది ఒక్కటి, చివరి రెండూ కలిపి, అన్నీ తీయాల్సినవే.

తీసేసే పరీక్షలో సైజ్ ఎంత మిగిలిందని మాత్రమే చూడకండి. ఏ ఏ బరువులు, ఏ వరసలో మిగిలాయో పూర్తి లిస్ట్‌తో పోల్చండి. 28 బదులు 29 పోయినా సైజ్ ఒకటే ఉంటుంది.